హేమో అంగీ అంచు

లింకన్ పట్నంలో కొవ్వొత్తులు పోసే హేమోకి గుడి సంఘంలో పెద్దరికం దొరికింది. ఆ మర్నాడే, మంచం పట్టిన తల్లి సబీనా అంగీ అస్తరు ఊడదీశాడు. అది తెల్లటి ఉడుత పొట్ట బొచ్చు. ఎప్పుడో ఒక దొరసాని ఇచ్చిన పాత అంగీలోది. లోపల దాగి ఉన్నన్నాళ్ళూ దాని ఊసు ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడది హేమో పై అంగీకి అంచైంది. తల్లికి పిల్లితోళ్ళు వేయించాడు. పాతవి, బొచ్చు రాలిపోతున్నవి. ముసలామెకు దగ్గు పట్టుకుంది.

కుట్టింది అతని భార్య ఎమ్మట్.

"అంచుకే చాలింది. లోపలంతా ముతకగుడ్డ," అంది.

"లోపల ఎవడు చూస్తాడే?"

"చలి చూస్తుందండీ."

ఆదివారం మంచు కురుస్తున్నా హేమో అంగీ ముందు భాగం మూసుకోలేదు, అంచు కనపడదని. ఈయన మోకరిల్లింది దేవుడికా, పక్కనున్న ఉన్ని వర్తకుల కళ్ళకా అని ఎమ్మట్‌కి అనుమానం వచ్చింది.

గుడి బయట పట్నం అధికారి మనిషి ఓస్బర్ట్ ఆ అంచును రెండు వేళ్ళతో పట్టుకున్నాడు.

"కొవ్వొత్తులోడివి కదూ. మీకు గొర్రె, కుందేలు, పిల్లి, నక్క బొచ్చులే. ఉడుత దొరలకి. చట్టం మర్చిపోయావా?"

"ఇది పిల్లేనండీ బాబూ."

"సాయంత్రం ఇంటికొచ్చి చూస్తా. పిల్లి కాకపోతే అంగీ జప్తు, రాజుగారి పరం."

హేమో ఇంటికి పరిగెత్తాడు. "విప్పేయవే, పొయ్యిలో పడేయ్."

ఎమ్మట్ అంచు విప్పింది గానీ పొయ్యి వైపు పోలేదు. ముక్కలన్నీ అత్తగారి అంగీలో, ఛాతీకీ వీపుకీ తగిలేలా కుట్టింది.

"అక్కడ వెతికితే?"

"మంచంలో ఉన్న ముసలమ్మ బట్ట ఎత్తి చూసేంత సిగ్గులేనివాడు ఈ ఊళ్ళో ఒక్కడే. ఆయన ఈ ఇంట్లోనే ఉన్నాడు."

ఓస్బర్ట్ వచ్చాడు. అంగీ అంచున వరసగా సూది బొక్కలు చూశాడు. "ఏదయ్యా నీ పిల్లి?"

మంచం మీంచి సబీనా అంది: "పారిపోయింది నాయనా. వీడితో ఎవరుంటారు?"

ఓస్బర్ట్ నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. రేపటికి సంతంతా నవ్వుతుంది.

"బొచ్చు నాకు తిరిగొచ్చింది. మావాడికి నా మీద జాలేసిందా, చట్టమంటే భయమేసిందా?" అంది సబీనా.

"భయమే అత్తా."

"పోనీలే, వెచ్చగా ఉంది. వీడి చేత మంచిపని చేయించడానికి దేవుడికి ఇంకో దారి దొరకలేదేమో."

దేవుడు భయాన్నీ పనిలో పెట్టుకుంటాడా అని ఎమ్మట్ ఆలోచిస్తుంటే, హేమో గొంతు సవరించుకున్నాడు.

"నక్కబొచ్చు అంచైతే ఎలా ఉంటుందంటావ్?"

ఎమ్మట్ అత్తగారి అంగీకి చివరి కుట్టు వేసి, పంటితో దారం తెంపింది.