దొరస్వామికి పెట్టిన బెల్లం

హోసూరు బజారులో దొరస్వామి బెల్లం మండీ అంటే తెలియనివాళ్ళు లేరు. చుట్టుపక్కల పల్లెల గానుగల నుంచి బండ్లు వచ్చి ఆయన వాకిట్లో ఆగేవి. ప్రతి బండిలోనూ ఒక అచ్చు పగలగొట్టి, ముక్క నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని నమిలితే గాని ఆయన ధర చెప్పేవాడు కాదు. అట్లా ఎంత బెల్లం లోపలికి పోయిందో ఆ దేవుడికే ఎరుక.

పందొమ్మిదివందల డెబ్బై నాలుగులో కృష్ణగిరి డాక్టరు ఆయనకు చక్కెర రోగమని చెప్పినప్పుడు ఇంట్లో ఎవరూ పెద్దగా బెదరలేదు. చక్కెర మానమన్నాడు, మానేశారు. అది మిల్లులో చేసే సరుకు. బెల్లం చెరుకులోంచి వచ్చేది, తేనె అడవిలో పుట్టేది, వాటిలో రోగం ఎందుకుంటుంది? బెల్లం అమ్ముకుని బతికే ఇంట్లో బెల్లానికి వంక పెట్టే నోరు ఎవరికుంటుంది లెండి. భార్య సీతమ్మ పాలలో బెల్లం కలిపి, డెంకణికోట నుంచి అడవి తేనె తెప్పించి, మొగుడికి ఏ లోటూ రానివ్వలేదు. రెండేళ్ళు తిరిగేసరికి ఆయన కాలి వేలు నల్లబడింది. ఆ తర్వాత మోకాలి దాకా తీసేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు చక్కెరకు బదులు వేసుకునే సాక్రిన్ తీపి మాత్రల సీసా ఇంట్లోకి వచ్చింది.

ఆయన పోయిన రోజు పొద్దున భార్యను పిలిచి, "సీతా, ఒక్క ముక్క పెట్టు. పోయేవానికి పథ్యమేందే" అని బతిమాలాడు. ఆమె పెట్టలేదు. మధ్యాహ్నానికి ఆయన లేడు. పెట్టకూడని రోజుల్లో దోసిళ్ళతో పెట్టింది, పెట్టవలసిన పూట పిడికిలి బిగించింది. ఆ సంగతి సీతమ్మను కూర్చోనివ్వలేదు, పడుకోనివ్వలేదు.

వాళ్ళ కులంలో పోయినవాళ్ళకు ఎడ పెట్టే ఆచారం ఉంది. అమావాస్యనాడు వాళ్ళకిష్టమైనది ఆకులో పెట్టి, తలుపు మూసి, అందరూ బయట నిలబడతారు. లోపల వాళ్ళు వచ్చి తిని పోతారని నమ్మకం. సీతమ్మ అమావాస్య దాకా ఆగలేదు. రోజూ సందెదీపం వెలిగించగానే ఆయన పడుకున్న గదిలో ఆకు పరిచి, బెల్లం అచ్చు పెట్టి, తలుపు మూసేది. మొదట్లో పొద్దున చూస్తే పెట్టింది పెట్టినట్టే ఉండేది. "ఆయన కోపం తీరలా, నా చేతిది తినడు" అని అన్నం ముట్టకుండా గోడకు ఆనుకుని కూర్చునేది. ఒక పొద్దున అచ్చు అంచు విరిగి ఉంది. మర్నాడు సగమే మిగిలింది. ఆ రోజు సీతమ్మ కడుపునిండా తిన్నది.

ఆ తర్వాత గదిలోంచి దగ్గు కూడా వినిపించసాగింది. అచ్చం ఆయన దగ్గే. మంచం కిర్రుమనేది. సీతమ్మకు ఒళ్ళు జలదరించేది, అయినా తలుపు దగ్గర్నుంచి కదిలేది కాదు. చచ్చి వచ్చినా మొగుడు మొగుడే కదా.

ఇక కొడుకు జయరామ్ సంగతి. నాయన పోయాక మండీ వాడే చూసుకుంటున్నాడు. వాడి రక్తంలోనూ చక్కెర పెరుగుతోందనీ, ఈసారి బెల్లమైనా తేనైనా ముట్టరాదనీ డాక్టరు గట్టిగా చెప్పాడు. మొగుణ్ణి పోగొట్టుకున్నది చాలు, వీణ్ణి పోగొట్టుకోకూడదని సీతమ్మ పట్టు పట్టింది. వాడి కాఫీలో తన చేత్తోనే మాత్ర వేసేది. వాడు బెల్లం కొట్టిన రాయిలా మాట్లాడకుండా తాగేవాడు. పోయినవాడికి బెల్లం, ఉన్నవాడికి మాత్ర, ఆ ఇంట్లో అట్లా జరుగుతుండేది.

ఒకనాడు కోడలు తార పెరట్లో అత్తను పక్కకు పిలిచింది.

"అత్తా, ఆయన చెంబులు చెంబులు నీళ్ళు తాగతాండాడు. దొడ్లో ఒంటికి పోయిన చోటంతా చీమలు పడతాండాయి. మామకూ ఇట్లే అయ్యె కదా?"

"నేను మాత్రే కదా వేస్తాండేది. వానికి తీపి యాడిది?" అంది సీతమ్మ. అంటుండగానే గదిలో రోజూ తరిగిపోతున్న అచ్చు కళ్ళముందు మెదిలింది.

ఆ సాయంత్రం ఎడ పెట్టి, తలుపు మూసి, ఇంటి వెనకకు పోయి కిటికీ దగ్గర నిలబడింది. గదికి మండీ వైపు ఇంకో తలుపుంది. ఆ సంగతి తెలియనిది కాదు, ఇన్నాళ్ళూ తలుచుకోలేదు. లోపల దగ్గు వినిపించింది. ఒక్క క్షణం ఆయనే అనుకుంది. ఆయన మంచం మీద, ఆయనలాగే ఎడమ పక్కకు ఒరిగి, జయరామ్ బెల్లం నములుతున్నాడు.

"ఎప్పట్నుంచిరా?" అంది కిటికీలోంచే.

వాడు దాచుకోలేదు. "నువ్వు అన్నం మానుకున్నప్పట్నుంచి. నాయన తినలేదని ఏడుస్తా కూర్చుంటివి. నీ కోసరమని ఒక ముక్క విరిచి నోట్లో వేసుకున్నా. ఆ పొద్దు నువ్వు తింటివి. ఆమీద నా నాలుక నా మాట వినలేదమ్మా."

"అయితే మీ నాయన ఒక్క దినమైనా రాలేదా?"

కొడుకు ప్రాణం కరిగిపోతుంటే తాను అడిగింది ఇదా అని తర్వాత సీతమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. ఆ గడియలో మాత్రం ఆమెకు అదే కావలసి వచ్చింది. జయరామ్ చేతిలో మిగిలిన ముక్కను మళ్ళీ ఆకులో పెట్టేశాడు.

మర్నాడు కొడుకును కృష్ణగిరికి తీసుకుపోయి డాక్టరుకు చూపించింది. తిరిగొచ్చాక దీపం పెట్టి, ఇంకొక్కసారి ఎడ పెట్టింది. రెండు తలుపులకూ తాళాలు వేసి, తాళంచెవులు కొంగున ముడి వేసుకుంది.

పొద్దున తీసి చూస్తే అచ్చు అచ్చులాగే ఉంది. మంచం మీది దుప్పటి నలగలేదు. సీతమ్మ అచ్చు తీసుకుపోయి బర్రె తొట్టిలో వేసింది.

వంటింట్లో రెండు గ్లాసుల్లో కాఫీ పోసి రెండింట్లోనూ మాత్రలు వేసింది. మొగుడికి నెలల తరబడి పోసిందే గాని ఆమె ఎన్నడూ నోట పెట్టలేదు. మొదట తీపే తగిలింది. గుటక దిగాక నాలుక వెనక చేదు నిలిచిపోయింది.

"ఇదా నీకు నేను పోసింది?" అంది, ఆ గది వైపు చూసి.

గదిలో ఏ చప్పుడూ లేదు. సీతమ్మ కొడుకు ఎదురుగా కూర్చుని గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగింది.