తెల్లగుర్రం బేరం

గుర్రాలకు నాడాలు కొట్టడంలోనే కాదు, గుర్రాన్ని ఎంచడంలో కూడా పెద్దాయనను మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. డెక్క చేతిలోకి తీసుకుంటే చాలు, దాని జాతకమంతా చెప్పేసేవాడు. అందుకే తన బండిగుర్రం చచ్చిపోగానే చెల్లెలి మొగుడు పరుగున వచ్చాడు. "బావా, నువ్వు చూస్తే ఇక తిరుగుండదు. మంచిదాన్ని చూసిపెట్టు" అన్నాడు.

మూడు వారాలు తిరిగాక సంతలో ఒక పాలవాడి దగ్గర ఏడేళ్ల ఎర్రగుర్రం దొరికింది. పొట్టిది, బొచ్చు మాసినది. కానీ డెక్కలు రాళ్లలా ఉన్నాయి. పక్కన రేకు డబ్బా విసిరినా బెదరలేదు.

చెల్లెలి మొగుడి కంటికి అది ఆనలేదు. "గాడిదకి అన్నలా ఉంది. దీన్ని కడితే నా బండెవడెక్కుతాడు?" అంటూ, సంత చివర కట్టేసిన తెల్లగుర్రం దగ్గరికి లాక్కుపోయాడు. చూడముచ్చటైన గుర్రమే. అమ్మే దళారి మాత్రం దాని ఎడమపక్క నుంచి అంగుళం కదలడం లేదు. డెక్క చూసే వంకతో పెద్దాయన అటు దూరి, కంటి ముందు అరచెయ్యి ఆడించాడు. రెప్ప పడలేదు.

"ఇది వద్దు బావా, దీనికి..." అంటుండగానే చెల్లెలి మొగుడు నవ్వాడు.

"పాలవాడు నీ చేతిలో ఎంత పెడతానన్నాడు?"

చుట్టూ ఉన్న పదిమందీ గొల్లున నవ్వారు. ముప్పై ఏళ్లుగా అమ్మేవాడి చేతి టీ కూడా ముట్టని మనిషి పెద్దాయన. ముఖాన పేడ కొట్టినట్టయింది. నాలుక చివరిదాకా వచ్చిన మాట మింగేసి, "నీ గుర్రం, నీ ఇష్టం" అని వెనుదిరిగాడు. పడితే గానీ బుద్ధి రాదులే అని దారంతా గొణుక్కున్నాడు. ఆ బండిలో చెల్లెలు కూడా ఎక్కుతుందని తట్టకపోలేదు. తట్టినా ఆగలేదు.

పదకొండో రోజున ఎడమవైపు నుంచి లారీ ఒకటి హారన్ కొడుతూ దూసుకొచ్చింది. గుర్రం బెదిరి, బండితో సహా కాలువలోకి దొర్లింది. మొగుడు గీతలతో బయటపడ్డాడు. నలిగిపోయిన చెల్లెలి కుడిచేతిని మోచేతి దాకా తీసేశారు. ఆమె బట్టలు కుట్టి ఇల్లు నడిపేది.

ఆస్పత్రిలో పెద్దాయన వచ్చి మంచం పక్కన కూర్చోగానే ఆమె కళ్లు తెరిచింది.

"గుర్రానికి ఎడమ కన్ను లేదని పశువుల డాక్టరు చెప్పాడట. నీకు ముందే తెలుసా అన్నయ్యా?"

తెలీదనే అందామనుకున్నాడు. నోరు రాలేదు.

"తెలుసమ్మా. చెప్పబోతే నీ మొగుడు పదిమందిలో నన్ను దొంగను చేశాడు."

"ఆయన అన్నాడు, సరే. నేనేమన్నాను నిన్ను?"

ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

నెల తిరక్కుండానే వాళ్లు ఇంకో గుర్రం కొన్నారు. ఆయన్ని పిలవలేదు.