క్రేను శ్రీరామ్మూర్తి సోలో

శ్రీరామ్మూర్తి విమానం నేర్చుకుంటున్నాడని తెలిసి స్టీల్‌ప్లాంట్ టౌన్‌షిప్‌లో అందరికంటే ముందు నవ్వినవాడు శ్రీరామ్మూర్తే. ఎలాగూ లోకం నవ్వుతుంది, ముందే మనం నవ్వేసుకుంటే సగం బాధ తగ్గుతుంది కదా అని ఆయన లెక్క. "బొజ్జొచ్చింది, బట్టతలొచ్చింది, మోకాళ్లు కిర్రుమంతన్నాయి. ఇంక రావలసింది ఇమానమొక్కటే" అని క్యాంటీన్‌లో టీ గ్లాసు పట్టుకుని ఆయనే అని, ఆయనే పడీపడీ నవ్వేవాడు.

ఆయన ఉద్యోగం ఉక్కు కరిగించే షాపులో క్రేను ఆపరేటరు. ఎక్కడో కప్పుకి దగ్గరగా అద్దాల గదిలో కూర్చుని, కరిగిన ఉక్కు నింపిన గంగాళంలాంటి లేడిల్‌ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసుకెళ్లి దించాలి. వినడానికి గొప్పగానే ఉంటుంది. తీరా చూస్తే అంత ఎత్తున కూర్చున్న మనిషికి సొంత నిర్ణయమంటూ ఒక్కటీ ఉండదు. కింద నేలమీద వరహాలు అనే సిగ్నల్‌మేన్ ఉంటాడు. అతను వేలు పైకి తిప్పితే ఎత్తాలి, కిందికి తిప్పితే దించాలి, చెయ్యి పక్కకి చాపితే జరపాలి. పెళ్లయిన కొత్తలో ఆ ఉద్యోగంలో చేరినవాడు, కూతురికి పెళ్లీడొచ్చేదాకా వరహాలు చేతివేళ్లు చూస్తూనే బతికాడు.

ఇందులో ఇంకో నియమం ఉంది. ఎత్తమని, దించమని చెప్పే అధికారం సిగ్నల్‌మేన్ ఒక్కడిదే. ఆపమని మాత్రం ఎవరైనా చెప్పొచ్చు. చీపురు పట్టుకున్నవాడు చెప్పొచ్చు, దారితప్పి లోపలికొచ్చినవాడూ చెప్పొచ్చు. ఎవరు రెండు చేతులూ పైకెత్తినా క్రేను ఉన్నపళంగా ఆగిపోవాలి. ఎందుకని అడక్కూడదు. ముందు ఆపు, తర్వాత అడుగు. ఈ నియమం పుణ్యమా అని షాపులో ఎంతమంది బతికి బట్టకట్టారో! పోయిందల్లా శ్రీరామ్మూర్తి పరువే. అదెలా పోయిందో ఇప్పుడు చెబుతాను.

ఇంట్లోనూ ఆయనది క్రేను ఉద్యోగమే. సిగ్నల్ ఇచ్చేది భార్య ఆదిలక్ష్మమ్మ. ఆవిడ కనుబొమ్మ కదిపితే ఈయన చొక్కా మార్చుకునేవాడు. ఆ మాట ఎవరైనా ఎగతాళిగా అంటే "అదృష్టవంతుణ్ణి, బుర్ర అరగదు" అని నవ్వేవాడు. కానీ క్యాబిన్‌లో ఒంటరిగా కూర్చున్నప్పుడు, కొండల మీదుగా ఎయిర్‌పోర్టుకి దిగే విమానం కనబడితే ఆయన మెడ దానివెంటే తిరిగేది. ఎవడూ చెయ్యి ఊపని చోటికి ఒక్కసారైనా వెళ్లాలి. చచ్చేలోగా ఒక్కసారి. ఈ కోరిక మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు. చెబితే ముందుగా నవ్వుకోవడం చేతకాదని భయం.

రెండువేల పదకొండులో మధురవాడ అవతల, జీడితోటల పక్కన ఎర్రనేల చదును చేసి ఒక క్లబ్బు పెట్టారు. ఉన్నది ఒకే ఒక్క విమానం, ఇద్దరు పట్టే మైక్రోలైటు. స్కూటరుకి పందిరేసినట్టుండేది. నేర్పే ఆయన అచ్యుతరామయ్య, నేవీలో రిటైరైన మనిషి, ఆయన మీసాలకి ఇంకా సర్వీసు ఉన్నట్టే ఉండేది.

"ఇది సరదా లైసెన్సు" అన్నాడాయన మొదటిరోజే. "పగలే ఎగరాలి, మబ్బుల్లోకి పోకూడదు, కిరాయికి ఎవర్నీ ఎక్కించుకోకూడదు. సరదా కదా అని ఊరికే ఇవ్వరు. ముందు నన్ను పక్కన పెట్టుకుని గంటల కొద్దీ ఎగరాలి. ఇంజను ఆగితే ఎక్కడ దిగుతావో, పక్కగాలి కొడితే ఎలా దిగుతావో, ఇంకో ఊరిదాకా పోయి దారి తప్పకుండా ఎలా వస్తావో అన్నీ చూస్తాను. ఆ తర్వాత నేను దిగిపోతాను. నువ్వొక్కడివే ఎక్కి, ఒక్కడివే దిగాలి. దాన్నే సోలో అంటారు. అది లేకపోతే మిగిలినదంతా నాతో చేసిన షికారు, అంతే."

ఇంటికొచ్చి చెబితే ఆదిలక్ష్మమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "ఉట్టికెగరలేనమ్మ సర్గానికెగిరిందట! అటకమీద బియ్యం డబ్బా దించమంతే కళ్లు తిరుగుతన్నాయని స్టూలు దిగిపోతారు, మీకు ఇమానమేటండీ?"

"స్టూలుకి సీటుబెల్టు లేదు కదే" అన్నాడు శ్రీరామ్మూర్తి.

వరహాలైతే "ముసలోడికి దసరా పండగన్నమాట. కానీ బావా, కానీ" అని భుజం తట్టాడు.

నేర్చుకోవడం మొదలైంది. గాల్లోకి లేవడం బాగానే వచ్చింది. దారి చూసుకుంటూ భీమిలి దాకా పోయి తిరిగి రావడమూ వచ్చింది. "వెళ్లినప్పుడు సముద్రం కుడిపక్క, వచ్చినప్పుడు ఎడంపక్క. అంత సముద్రాన్ని తప్పిపోవడం నావల్ల కూడా కాలేదు" అని క్యాంటీన్‌లో చెప్పుకున్నాడు. ఒకరోజు అచ్యుతరామయ్య గాల్లో ఉండగా ఇంజను జోరు తగ్గించేసి, "ఇంజను పోయిందనుకో, ఎక్కడ దిగుతావు?" అని అడిగాడు. శ్రీరామ్మూర్తి నాలుగు వైపులా చూసి, చెట్లూ తీగలూ లేని చక్కటి ఖాళీ జాగా చూపించాడు. కిందికొచ్చి చూస్తే శ్మశానం. "మంచి ఆలోచనే. మనల్ని మోసేవాళ్లకి శ్రమ తప్పుతుంది" అన్నాడు అచ్యుతరామయ్య.

చిక్కంతా దిగడం దగ్గర బయటపడింది. మొదట్లో శ్రీరామ్మూర్తి విమానాన్ని పువ్వులా దించేవాడు. అచ్యుతరామయ్య కూడా ముచ్చటపడ్డాడు. నేల దగ్గరపడుతున్నప్పుడు "మెల్లగా, మెల్లగా" అన్నట్టు అరచెయ్యి కిందికి ఆడించడం ఆయనకి అలవాటు. ఒకనాడు ముక్కు దురద పెట్టి ఆ చెయ్యి ముక్కుమీదికి పోయింది. అంతే, విమానం ధబీమని నేలకి కొట్టుకుని, ఎగిరి, మళ్లీ కొట్టుకుని, గంగిరెద్దులా తలూపుకుంటూ పోయి ఆగింది.

అచ్యుతరామయ్యకి అప్పుడు వెలిగింది. ఇన్నాళ్లూ శిష్యుడు రన్‌వే చూడటం లేదు, తన చెయ్యి చూస్తున్నాడు.

"ఇదిగో, నువ్వు నడుపుతున్నావా, నా చెయ్యి నడుపుతోందా?"

"తమరి సెయ్యే బాగా నడుపుతాదండి" అన్నాడు శ్రీరామ్మూర్తి ఒళ్లు దగ్గర పెట్టుకోకుండా.

ఆ మర్నాటి నుంచి అచ్యుతరామయ్య రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. శ్రీరామ్మూర్తికి కాళ్లూ చేతులూ ఆడలేదు. ఎగిరెగిరి పడ్డాడు. నడుం పట్టేసి ఇంటికొస్తే ఆదిలక్ష్మమ్మ అమృతాంజనం రాస్తూ తిట్టింది. అలా పడగా పడగా, వానలు వెళ్లిపోయేసరికి, ఎర్రనేల ఎంత దూరంలో ఉందో తన కళ్లకే మెల్లగా తెలియడం మొదలైంది.

సరిగ్గా అప్పుడే క్లబ్బు ఎత్తేస్తున్నారని చెప్పారు. ఆ జాగాలో ఇళ్ల ప్లాట్లు వేస్తారట, విమానాన్ని లారీ ఎక్కించి ఎవరో కొనుక్కుపోతున్నారట. "వచ్చే ఆదివారమే ఆఖరు" అన్నాడు అచ్యుతరామయ్య. "ఆరోజు సోలో చేస్తే చేసినట్టు. లేకపోతే నీకింక లేదు. ఈ వయసులో ఇంకో ఊరెళ్లి మళ్లీ మొదటినుంచీ మొదలెట్టవు. అది నీకూ తెలుసు, నాకూ తెలుసు."

శ్రీరామ్మూర్తి ఆ మాట క్యాంటీన్‌లో చెప్పలేదు. ఇంట్లో చెప్పకుండా ఎలా ఉంటాడు! ఆదివారం పొద్దున్న చూస్తే ఆదిలక్ష్మమ్మ తలంటుకుని పట్టుచీర కట్టుకుని సిద్ధం. ఆవిడ అక్క చిట్టమ్మ పులిహోర క్యారేజీతో సిద్ధం. ఆవిడ కబురందుకున్న వరహాలు కొత్త చొక్కాతో ఆటో పక్కన సిద్ధం. అన్నాళ్లూ ఉట్టీ స్వర్గమూ అని వెక్కిరించిన ఆదిలక్ష్మమ్మ ఆరోజు ఒక్క మాటా అనలేదు. ఆయన నుదుట బొట్టు పెట్టి, వంకరొచ్చిందని తుడిచి మళ్లీ పెట్టింది. అది చూశాకే శ్రీరామ్మూర్తికి అసలు భయం మొదలైంది.

అచ్యుతరామయ్య ఆయనతో ఒక్క చుట్టు తిరిగొచ్చి, బెల్టు విప్పుకుని దిగిపోయాడు. "వెళ్లు" అన్నాడు. అంతే.

శ్రీరామ్మూర్తి ఇంజను జోరు పెంచాడు. విమానం ఎర్రదుమ్ము లేపుకుంటూ పరుగెత్తింది. ముందు చక్రం తేలికైంది. ఇంకొక్క క్షణంలో నేల విడుస్తుందనగా, రన్‌వే పక్కనున్న జనంలోంచి రెండు చేతులు నిట్టనిలువుగా పైకి లేచాయి.

ఆయన చెయ్యి ఆయన్ని అడగలేదు. టక్కున ఇంజను జోరు తీసేసింది, బ్రేకు నొక్కేసింది. విమానం ఊగిపోతూ రన్‌వే చివరిదాకా దొర్లి, జిల్లేడు పొదల్లోకి ముక్కు దూర్చి నిలబడింది.

అచ్యుతరామయ్య రొప్పుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది? ఇంజను పట్టేసిందా?"

"ఆపమన్నారండి."

"ఎవరు?"

శ్రీరామ్మూర్తి వేలు చూపించాడు. అక్కడ ఆదిలక్ష్మమ్మ సింహాచలం వైపు తిరిగి, రెండు చేతులూ నెత్తిమీద జోడించి, కళ్లు గట్టిగా మూసుకుని ఇంకా అలాగే నిలబడి ఉంది.

సంగతి తెలిసి ఆవిడ లబోదిబోమంది. "నానెప్పుడు ఆపమన్నానండీ? సింహాద్రప్పన్నకి దణ్ణమెట్టుకున్నాను! మీరు ఎల్తన్నారని దణ్ణమెడితే అదీ తప్పేనేటి?"

వరహాలు మాత్రం కోర్టులో సాక్షిలా ముందుకొచ్చాడు. "బావ తప్పేటీ లేదండి. రెండు సేతులూ ఎత్తితే ఆపాల. ఎవులెత్తినా ఆపాల. రూలది."

చిట్టమ్మ ఫక్కుమంది. తర్వాత క్లబ్బు వాచ్‌మేను, తర్వాత అచ్యుతరామయ్య, ఆఖరికి ఆదిలక్ష్మమ్మ కూడా కొంగు అడ్డుపెట్టుకుని నవ్వింది. శ్రీరామ్మూర్తి కూడా నవ్వబోయాడు. నవ్వు రాలేదు. వెధవ బతుకు, విమానం ఎక్కినా క్రేనే నడుపుతున్నాను, దేవుడికెత్తిన చెయ్యి కూడా నాకు సిగ్నలే అనుకున్నాడు. దిగి ఇంటికి పోదామనిపించింది. పోతే జన్మలో మళ్లీ ఎక్కనని కూడా తెలిసింది.

అచ్యుతరామయ్య విమానం చుట్టూ తిరిగి, వంగి, తట్టి చూశాడు. దానికి ఏమీ కాలేదు. "గాలి పెరిగేలోగా ఇంకొక్కసారి" అన్నాడు. తర్వాత జనం వైపు తిరిగి నేవీ గొంతు తీశాడు. "అందరూ అటు తిరగండి! రన్‌వేకి వీపులు పెట్టండి. చేతులు వెనక్కి కట్టుకోండి. నేను చెప్పేదాకా ఎవరూ ఇటు చూడటానికి వీల్లేదు. నేనూ వాచ్‌మేనూ షెడ్డులోంచి చూస్తాం. ఇతనికి నేను కూడా కనబడను."

అలా శ్రీరామ్మూర్తి ఘనమైన సోలో మూడు వీపుల ఎదుట మొదలైంది. పట్టుచీర వీపు, క్యారేజీ పట్టుకున్న వీపు, కొత్త చొక్కా వీపు. అవి సర్రుమని వెనక్కి పోయాయి. పక్కన మనిషి బరువు లేని విమానం ఆయన అనుకున్నదానికంటే ముందే గాల్లోకి లేచిపోయింది.

పైన ఎండ, గాలి, ఇంజను రొద. అటు రుషికొండ, ఇంకా దూరంగా డాల్ఫిన్స్ నోస్ కొండ, దానికవతల మసక మసకగా స్టీల్‌ప్లాంట్ పొగ. పక్కసీటులో కట్టేసిన ఖాళీ బెల్టు. ఎవడూ చెయ్యి ఊపని చోటు ఇదే. ఇన్నేళ్లు కలవరించిన చోటికొచ్చి ఆయన మొట్టమొదట చేసిన పని, కింద ఎవరైనా కనబడతారేమోనని వెతకడం! మూడు చుక్కల్లా ఆ ముగ్గురూ సరుగుడు చెట్ల వైపు తిరిగి నిలబడే ఉన్నారు. భయమేసింది, నిజంగానే భయమేసింది.

మలుపు తిరిగి రన్‌వేకి ఎదురొచ్చాడు. నేల పైపైకి వస్తోంది. కానీ ఎక్కడో తేడా కొడుతోంది. ఎత్తు ఎక్కువైంది. ఇలాగే దించితే సగం రన్‌వే దాటాక గానీ చక్రం ఆనదు, ఆ తర్వాత జీడిచెట్లే. దించాలా? లేపాలా? అలవాటు కొద్దీ కళ్లు ఒక చేతి కోసం పక్కకి పోయాయి. అక్కడ బెల్టు తప్ప ఏమీ లేదు. ఇంకెవరూ చెప్పరు. చెప్పేవాడు తనే.

"ఇది కుదరదు" అని పైకే అన్నాడు. ఇంజను జోరు పూర్తిగా పెంచి, ముగ్గురి తలలమీదుగా గుర్రుమంటూ మళ్లీ పైకి పోయాడు.

మళ్లీ చుట్టు తిరిగాడు. ఈసారి ముందే జోరు తగ్గించాడు. ఎర్రనేల దగ్గరికొచ్చింది, ఇంకా దగ్గరికొచ్చింది, ఇప్పుడు అనుకున్నాడు. చక్రాలు తగిలాయి. ఒక గెంతు గెంతింది, ఇంకో చిన్న గెంతు, ఆ తర్వాత బుద్ధిగా దొర్లుకుంటూ పోయి ఆగింది. ఇంజను ఆపేశాక చెవుల్లో ఏదో గుయ్యిమంది. ఒంట్లో ఎముకలన్నీ ఉన్నాయో లేదో తడిమి చూసుకుని దిగాడు.

అచ్యుతరామయ్య షెడ్డులోంచి వస్తున్నాడు గానీ ఇంకా దూరంగానే ఉన్నాడు. శ్రీరామ్మూర్తి తూలుకుంటూ నడిచి ఆ వీపుల దగ్గరికొచ్చాడు. ఆదిలక్ష్మమ్మ వెనక కట్టుకున్న వేళ్లు ఒకదాన్నొకటి నలిపేసుకుని తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"ఆదిలచ్చిమీ" అన్నాడు.

ఆవిడ తిరగలేదు. "దిగిపోనారా?"

"దిగిపోనాను."

"మొదటిపాలి దిగకండా నెత్తిమీద నుంచి మళ్లీ పైకెల్లిపోనారు. నా పేణం పోనాది. మళ్లీ ఎగరమని ఎవులు సెప్పారండీ?"

"ఎవులూ సెప్పలేదే."

"మరి దిగమనో?"

"అదీ ఎవులూ సెప్పలేదు" అన్నాడు.

ఆవిడ చటుక్కున ఇటు తిరిగి చూసేసరికి శ్రీరామ్మూర్తి చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. ఆవిడ కొంగు తీసి ఆయన మొహం తుడవడం మొదలెట్టింది.

పక్కన వరహాలు, వీపు అలాగే ఉంచి, మెడ కూడా కదపకుండా అడిగాడు. "బావా, నాను తిరగొచ్చా?"

"ఇంకా ఒద్దు, కాసేపాగు" అన్నాడు శ్రీరామ్మూర్తి.

వరహాలు ఆగాడు.