ఇస్సాకు రాయలేని పరీక్ష

2005లో లాస్య పనిచేసే కంపెనీకి పెద్ద పని వచ్చింది. పదకొండు దేశాల్లో శాఖలున్న ఒక విదేశీ సంస్థ తన ఉద్యోగుల కోసం కంప్యూటర్ మీద ఒక పాఠం తయారుచేయమంది. మతం, రంగు, వైకల్యం ఏదైనా సరే, తోటి ఉద్యోగిని తక్కువగా చూడకూడదని నేర్పే పాఠం అది. చూపులేనివాళ్లు కూడా సొంతంగా చదువుకోగలగాలన్నది షరతు. దాన్ని రూపొందించే బాధ్యత లాస్యకిచ్చారు.

ఆమెకు వెంటనే ఇస్సాకు గుర్తొచ్చాడు. కిషన్‌బాగ్‌లో తను అద్దెకున్న సందు మొదట్లో ఎస్టీడీ బూత్ నడిపేవాడు. పుట్టుకతోనే చూపు లేదు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్ నేర్చుకున్నాడు. అది గడగడా చదువుతుంటే లాస్యకు ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు, అతను మాత్రం తలాడిస్తూ వినేవాడు.

మూడు వారాలు ఆమెతో ఆఫీసుకొచ్చి పాఠాన్ని పరీక్షించాడు.

"చెల్లె, గీడ బొమ్మ అంటుంది గని, ఏం బొమ్మనో చెప్తలేదు," అనేవాడు. ఆమె సరిచేసేది.

చివర్లో ఉన్న పరీక్ష దగ్గర అతని వేళ్లు ఆగిపోయాయి. జవాబున్న బిళ్లను మౌస్‌తో పట్టి లాగి, సరైన గడిలో వదలాలి. అతను వాడే కీబోర్డుతో అది కదలదు.

"మారుస్తాంలే అన్నా," అంది లాస్య.

మేనేజర్ లక్ష్మీకాంత్ వినలేదు. "ఎల్లుండి ఇచ్చెయ్యాలి. తర్వాత మారుద్దాం. ఇది రాసే చూపులేనివాళ్లు ఎంతమందుంటారు చెప్పు?"

గడువు పెంచమని ఆమె అప్పటికే రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగడానికి నోరు రాలేదు. పాఠం అందరికీ అందుబాటులో ఉందన్న కాగితం మీద సంతకం పెట్టింది. ఆ సంగతి ఇస్సాకుకు చెప్పలేదు.

పాఠం ఆ సంస్థకు నచ్చింది. పరీక్షించిన మనిషి గురించి విని, తన హైదరాబాద్ ఆఫీసులో అతనికి ఫోన్‌లో మాట్లాడే ఉద్యోగమిచ్చింది. ఇస్సాకు తల్లి ఆగమ్మ చర్చిలో అందరికీ లడ్డూలు పంచింది. అతను బూత్ ఇంకొకరికి అప్పగించి ఉద్యోగంలో చేరాడు.

నాలుగో రోజున లాస్యకు ఫోన్ చేశాడు.

"కొత్తోళ్లందరు వారంల ఓ పరీక్ష పాస్ గావాల్నంట చెల్లె. లేకుంటే నౌకరి లేదంట. తెరిస్తే మన పాఠమే. బిళ్లలు గట్లనే ఉన్నయి. మారుస్తమంటివి గద?"

లాస్య అతని ఆఫీసుకు పరుగున వెళ్లింది. మార్కులు లేకపోతే కంప్యూటర్ అతని పేరు తీసుకోదని అక్కడి అధికారి చేతులెత్తేశాడు.

"నువ్వు జవాబు చెప్పు అన్నా, నేను లాగుతా. ఎవరికీ తెలీదు," అంది లాస్య గొంతు తగ్గించి.

"దొంగతనంగ పాసైతనా?" అన్నాడు ఇస్సాకు. "నాకు జవాబులన్నీ వస్తయి చెల్లె. ఒక్కటి గూడ తప్పు పోదు."

అప్పుడు చెప్పేసింది, మార్చలేదని తెలిసే సంతకం పెట్టానని. అతను చేతికర్ర తడుముకుంటూ లేచి, ఆమె పట్టుకోబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

వారం ముగిసింది, ఉద్యోగం పోయింది. ఉస్మాన్‌గంజ్‌లో ఒక కొట్టువాళ్లు అతన్ని ఫోన్లెత్తే పనికి పెట్టుకున్నారు.

లాస్య నాలుగు ఆదివారాలు కూర్చుని ఆ పరీక్షను తిరగరాసింది. ఇస్సాకును మళ్లీ తీసుకోమని ఆ సంస్థకు ఉత్తరం రాసింది. సరిచేసిన పాఠాన్ని సంస్థ వాడుకుంది. ఖాళీ భర్తీ అయిందని రెండు ముక్కల్లో జవాబిచ్చింది.

అయినా లాప్‌టాప్ పట్టుకుని అతనింటికి వెళ్లింది. ఎందుకెళ్లిందో ఆమెకే తెలియదు. ఇస్సాకు కాదనలేదు. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని పది నిమిషాల్లో పరీక్ష రాసేశాడు. అన్నీ సరైన జవాబులే.

"మంచిగ జేసిన్రు మేడం," అన్నాడు.

లాస్య తల దించుకుంది. గుమ్మంలో బియ్యం ఏరుతున్న ఆగమ్మ చేట పక్కన పెట్టి లేచింది.

"పాసైనవా బిడ్డా?"

"పాసైన అవ్వా."

ఆమె ముఖం వెలిగిపోయింది. "అయితే రేపటిసంది మళ్ల నౌకరికి పోతవు గద? అంగీ ఇస్త్రీకియ్యాల్నా?"

ఇస్సాకు హెడ్‌ఫోన్ తీసి తీగను నెమ్మదిగా చుట్టసాగాడు. ఆగమ్మ లాస్య వైపు చూసింది. లాస్య లాప్‌టాప్ మూసేసింది.