ఫోటోలో నీడ పడకూడదు

"పక్కకి జరుగు వేణీ, నీ నీడ పడతంది," అంటున్నాడు అన్నయ్య, పోయి ఏడాది కావస్తున్నా ఆ మాట మాత్రం మారలేదు, భీమిలి ఒడ్డున తడి ఇసుకలో మోకాళ్ల మీద కూర్చున్నాడు, నా వెనక ఎర్రమట్టి దిబ్బల ఎరుపు అంతటా పరుచుకుని, అతని స్టూడియో చీకటి గదిలో వెలిగే ఎర్రబల్బు వెలుగులా ఉంది, సముద్రం కూడా విరుచుకుపడడం మానేసి, ఫోటోలు కడిగే ట్రేలో మందునీళ్లలా ఇటోసారి అటోసారి మెల్లగా ఊగుతోంది.

నేను జరగను.

"ఏటే అలగ చూస్తావు? టీ తాగుతావా?"

చచ్చిపోయినా మాట దాటెయ్యడం పోలేదు ఈ మనిషికి. మందునీళ్లకి నల్లబడిన బొటనవేలి గోరు కూడా అలాగే ఉంది.

"టీ వద్దు. నీ సంవత్సరీకానికి ఆ పడవల ఫోటో అందరికీ కనపడేలా పెడుతోంది వదిన. కింద జగ్గారావు అని నీ పేరు. చెల్లెలివి, ఆ ఫోటో గురించి నాలుగు ముక్కలు చెప్పమంటోంది. ఏం చెప్పను?"

"మా అన్న మంచోడని చెప్పు."

"ఆ ఫోటో తీసిందెవరు?"

"కెమేరా నాది."

"తీసిందెవరు?"

"రీలు నాది. కడిగింది నేను. వెలుతురు చూడ్డం నీకు నేర్పిందెవుడే?"

"మా ఇంట్లో పొయ్యి మా ఆయన కొన్నాడు. పులుసు ఆయన పెట్టినట్టా?"

అన్నయ్య నవ్వుతాడు, ఒడ్డుకి లాగిన పడవలన్నీ ఒకదానికొకటి భుజాలు రాసుకుంటూ నవ్వుతాయి, ఆ పడవలే, ఆ సాయంత్రం నేను తీసినవే, కానీ ఇప్పుడు వాటి మధ్య స్టూడియోలోని చెక్క స్టూలు, పెళ్లికూతుళ్లని కూర్చోబెట్టేది, సగం నీళ్లలో మునిగి ఉంది, దాని మీద నా పట్టుచీర మడతపెట్టి ఉంది.

"అప్పటికి నీకు సంబంధం కుదిరింది కదే," అంటాడు ఆ చీరకేసి చూస్తూ. "ఒడ్డమ్మట కెమేరా ఏసుకుని తిరిగే పిల్లంటే అత్తోరు ఏటనుకుంటారు? నీ మంచికే కదా నా పేరేశాను."

"నా మంచికి! ఆ ఫోటో క్యాలెండరై మా అత్తవారింటి హాల్లోనే వేలాడింది. వచ్చినవాళ్లందరికీ మావగారు 'మా కోడలి అన్నగారు తీసిందండీ' అని చూపించేవారు. నేను దాని కిందే నిలబడి కాఫీలు ఇచ్చేదాన్ని. ఎలా ఉంటుందో తెలుసా నీకు?"

నా గొంతు నేననుకున్నదానికంటే పెద్దగా వస్తుంది, సముద్రం ఊగడం ఆపుతుంది, అయినా నేను ఆపను, ఇన్నాళ్లూ రాఖీలు కట్టి, ఆవకాయ జాడీలు పంపి, ఆస్పత్రిలో కాళ్లు పట్టి, ఒక్కసారీ అడగనిది ఇప్పుడే అడగాలి, తెల్లవారితే ఈయన ఉండడని నాకు కలలోనే తెలుసు.

"పేరంటే పోనీ. నా నీడ ఎందుకు కోసేశావు? ట్రేలో కాగితం మీద పడవలకంటే ముందు నా నీడే తేలింది. కొయ్యకన్నయ్యా అన్నాను. సరే అన్నావు. క్యాలెండర్లో చూస్తే లేదు!"

"సూర్యుడు వీపు మీదుండాలి, నీడ ఫోటోలో పడకూడదు. మొదటి పాఠమే అది."

"వీపు మీద సూర్యుణ్ణి పెట్టుకుని నిలబడ్డ మనిషికి నీడ ఎక్కడికి పోతుంది?"

అన్నయ్య తలొంచుకుని తడి ఇసుక అంచుని రెండు చేతులా పట్టుకుని, దుప్పటిలా, నురగతో సహా లోపలికి తిప్పుతున్నాడు.

"ఏం చేస్తున్నావు?"

"మడతెడతన్నాను."

"కోసేసినదానికి మళ్లీ మడతేమిటి?"

"కత్తెరేదే నా కాడ?" అని ఖాళీ చేతులు చూపిస్తాడు, వేళ్ల సందుల్లోంచి ఇసుక జారుతుంది, తర్వాత చిన్నపిల్లాడిలా మొహం పెట్టి, "నాదొకటి తియ్యవే," అంటాడు. "ఊరందర్నీ తీశాను. దండెయ్యడానికి నాది లేక ఓటరు కార్డు మొహం పెద్దది చేశారు. కోళ్ల దొంగలా ఉన్నాను."

నవ్వొస్తుంది. నవ్వను. కెమేరా ఎప్పుడు వచ్చిందో నా మెడలో ఉంది, పాత బరువే, పాత తోలు వాసనే, సూర్యుడు దిబ్బల వెనక నా వీపు మీద వెచ్చగా ఉన్నాడు, నా నీడ ఇసుక మీదుగా సాగి సాగి అన్నయ్య మోకాళ్లెక్కి, ఛాతీ ఎక్కి, గడ్డం దాకా వెళ్తోంది.

"పక్కకి జరుగు వేణీ, నీ నీడ..."

"జరగను. ముందు చెప్పు, ఎవరు తీశారు?"

అన్నయ్య నోరు తెరుస్తాడు. నేను మీట నొక్కుతాను.

టప్‌మని చప్పుడు.

కళ్లు తెరిచేసరికి కిటికీ తెల్లబడింది. అద్దం తుడవమని వదిన పంపిన పడవల ఫోటో, నిన్న వెనక అట్టకున్న తుప్పు మేకులు పీకి గోడకి ఆనించినది, ఫ్యాను గాలికి జారి నేల మీద పడి ఉంది. అద్దానికి ఏమీ కాలేదు. వెనక అట్ట మాత్రం ఊడిపోయింది.

ఎత్తబోతే, ఫోటో అడుగు అంచు మందంగా తగిలింది. రెండు పొరలు. లోపలికి మడిచి ఉంది. గోటితో నెమ్మదిగా విప్పాను. మడత దగ్గర బొమ్మ పగిలి తెల్లగీత పడింది, దాని కింద తడి ఇసుక మీద ఒక తల, పైకెత్తిన రెండు మోచేతులు, పక్కకి ఎగిరిన జడ.

కొయ్యలేదు. కొయ్యడానికీ చేతులు రాలేదు, చూపించడానికీ రాలేదు. కోసేసి ఉంటే నాకు సులువుగా ఉండేది. కోపం ఇంకా పెరిగింది.

మళ్లీ మడవబోయి ఆగిపోయాను.

"ఏవండీ, కొట్లు తెరవగానే ఫ్రేములు కట్టేవాడి దగ్గరికి వెళ్లాలి. ఇది చాలదు."

"పగిలిందా?" అన్నారు ఆయన దుప్పటిలోంచి.

"లేదు. ఫోటోయే పెద్దదైంది."