రెండు కొలతల సంచి

అడిగినవాడికి దేవుడు ఇస్తాడంటారు. ఏమడగాలో తేలనివాడి సంగతేమిటని సేల్స్‌మన్‌కు ఏళ్లుగా ఒక సందేహం. వాయిద్యాల కొట్టు షట్టరు ఎత్తి, దాన్ని తాకిన వేళ్లు కళ్లకద్దుకుని, అద్దాల బల్ల తుడిచేటప్పుడు ఆ సందేహం వస్తూ ఉంటుంది. మంగళవారం మరీ వస్తుంది. ఆ రోజు దర్జీ షాపుకు సెలవు. దాని టైలరు మాస్టారు ఈ కొట్టుకు వచ్చే రోజు.

బల్ల కింద పాత తువ్వాలు కప్పిన నాలుగు గిటారు పెడళ్లున్నాయి. అరచేతిలో పట్టే ఇనప డబ్బాలు. గిటారుకూ స్పీకరుకూ మధ్య తగిలించి కాలితో నొక్కితే ఒకటి స్వరాన్ని గరగరలాడిస్తుంది, ఒకటి ఇద్దరు వాయిస్తున్నట్టు వినిపిస్తుంది, ఒకటి సాగదీస్తుంది, చివరిది ప్రతిధ్వనిస్తుంది. బల్ల మీద పలకంత మల్టీ ఎఫెక్ట్స్ పెట్టె ఉంది. ఆ నాలుగు పనులూ, ఇంకో వంద పనులూ ఇదొక్కటే చేస్తుందని దాని అట్ట మీద రాసి ఉంది.

"ఆ కింద దాచినవి ఇంకా ఉన్నాయా?" అన్నాడు యజమాని, కుర్చీలోంచి లేవకుండానే. "సాయంత్రం బండి వస్తుంది. పెడళ్లన్నీ వెనక్కి పంపేస్తున్నా. ఇక మీద మల్టీలే అమ్ముదాం."

"ఇవాళ మాస్టారు తేలుస్తానన్నాడు సార్. ఏదైనా ఇవాళే కొంటాడు."

"కొంటాడు! వారం వారం వచ్చి కూర్చుని పోవడానికి ఇది కొట్టా, ఆయన అత్తారిల్లా?"

సేల్స్‌మన్ తువ్వాలు ఇంకాస్త ముందుకు లాగాడు. సాయంత్రం లోపల మాస్టారు నోరు విప్పకపోతే, ఆయన ఇన్నేళ్లు వాయించి చూసిన నాలుగూ బండెక్కుతాయి.

ముందుగా ఒక బ్యాంకు గుమస్తా వచ్చాడు. "విడివిడివి మంచివా అండీ, ఒకటే పెట్టె మంచిదా?" అని అడిగాడు. సేల్స్‌మన్ పాఠం అప్పజెప్పాడు.

"మల్టీ అంటే ఉమ్మడి కాపురం సార్. ఒకటే పొయ్యి, ఖర్చు తక్కువ. కానీ పొయ్యి ఆరిందా, ఇంటిల్లిపాదికీ పస్తే. పెడళ్లు వేరు కాపురాలు. ఎవరి తలుపు వాళ్లది. ఒకటి పాడైతే తీసి పక్కన పెట్టొచ్చు. కాకపోతే ఎవరి ఖర్చు వాళ్లది, మధ్యలో ఈ తీగల పితలాటకం."

గుమస్తా నవ్వి, మల్టీ పెట్టె కొనుక్కుని వెళ్లిపోయాడు. ఎంత సులువో! చూశాడు, కొన్నాడు. మాస్టారికి మాత్రం ఈ పాఠం కంఠతా వచ్చు. సేల్స్‌మన్ ఒక ముక్క మరిచిపోతే అందిస్తాడు కూడా.

మాస్టారు వస్తే గిటారు ఒళ్లో పెట్టుకుని, చొక్కా కాలరు బిగువుకు పెట్టే ప్లాస్టిక్ బద్దతో తీగలు మీటుతాడు. పాదం కిందికి పెడల్ రాగానే కుట్టుమిషన్ తొక్కినట్టు ఆడిస్తాడు. "తొక్కడం కాదు మాస్టారూ, ఒక్కసారి నొక్కి వదలాలి" అని సేల్స్‌మన్ ఎన్నిసార్లు విసుక్కున్నాడో. అన్నీ వాయించి, చివర ప్రతిధ్వని పెడల్ నొక్కి, ఒక్క స్వరం వదిలి, అది పూర్తిగా ఆరిపోయేదాకా తల వంచుకుని వింటాడు. తరవాత లేచి, "ఆలోచించుకుని చెప్తా తమ్ముడూ" అంటాడు. సేల్స్‌మన్‌కు ఒళ్లు మండిపోతుంది.

పైగా ఒక బాకీ కూడా ఉంది. ఎప్పుడో ఆయన గిటారు లోపల ఊడిన వైరు అతికించి ఇస్తే, "ఊరికే వద్దు. నీ పెడళ్లు పెట్టుకోడానికి మంచి సంచి కుట్టి ఇస్తా. ఏ కొలత? విడివిడివా, ఒకటే పెట్టా?" అన్నాడు మాస్టారు. సేల్స్‌మన్ దగ్గర అప్పటికే ఏవీ లేవు. ఒకప్పుడు ఫంక్షన్లలో వాయించేవాడు. పెద్దపిల్ల పుట్టిన ఏడాది పెడళ్లన్నీ అమ్మేశాడు. గిటారు అటకెక్కింది. మళ్లీ కొనుక్కోవాలని ఉంది. "ముందు మీరు తేల్చండి మాస్టారూ, తరవాత నా సంగతి" అనేవాడు. "సంచి ఏమైంది?" అని దెప్పినప్పుడల్లా, "కొలత చెప్పందే కత్తెర పెట్టనయ్యా" అనేవాడాయన.

మధ్యాహ్నమైంది. మాస్టారు రాలేదు. ఇంటి నుంచి ఫోను వచ్చింది.

"సాయంత్రం కూరేం చెయ్యను?"

"ఏదో ఒకటి చెయ్యి."

"ఏదో ఒకటి ఏ అంగట్లో దొరుకుతుందో చెప్పు, వెళ్లి తెస్తా. ఊళ్లోవాళ్లందరికీ సలహాలిస్తావు, ఇంట్లో వంకాయో బెండకాయో చెప్పలేవు" అని పెట్టేసింది భార్య.

సేల్స్‌మన్ గుమ్మంలోకి వెళ్లి వీధి చూశాడు. లోపలికొచ్చి, తుడిచిన అద్దమే మళ్లీ తుడిచాడు. ఇవాళే రాకపోవాలా? వస్తే రెండు మాటలు గట్టిగానే అనాలనుకున్నాడు. ఎండ వాలేసరికి ఆ రెండు మాటలూ పదయ్యాయి.

బండి వచ్చి ఆగింది. మనుషులు అట్టపెట్టెలు మోస్తుండగా, వాళ్ల మధ్యనుంచి తప్పుకుంటూ ఒక అమ్మాయి లోపలికొచ్చింది. మాస్టారి నుదురే, అవే కనుబొమలు.

"మీరే కదా బాబాయ్ గారు?"

"మీ నాన్నగారేరమ్మా? పొద్దుటినుంచీ ఎదురుచూపులే. తేలుస్తానని..."

"నాన్న శుక్రవారం పోయారండీ. మిషన్ దగ్గర కూర్చున్నారు, అలాగే ఒరిగిపోయారు."

సేల్స్‌మన్ చేతిలో గుడ్డ బల్ల మీద ఆగిపోయింది. కూడబెట్టుకున్న పది మాటలూ నోట్లోనే ఉండిపోయాయి. ఆ అమ్మాయి భుజానున్న సంచి దించి ముందు పెట్టింది.

"ఇవాళ మీకు తెచ్చివ్వాలని గోడకు తగిలించి పెట్టుకున్నారు. మీకు బాకీ అట."

మందపాటి బూడిదరంగు గుడ్డ, రెండు వరసల కుట్టు. జిప్పు లాగితే లోపల నాలుగు అరలు. సేల్స్‌మన్ వంగి తువ్వాలు తీసి, పెడళ్లను ఒక్కొక్కటీ అందులో దింపాడు. అతుక్కున్నట్టు సరిపోయాయి. మాస్టారు వాటికి టేపు పెట్టగా ఎన్నడూ చూడలేదు. అంతా కంటి కొలతే.

"ఈ అడ్డగోడలు ఊడొస్తాయి చూడండి" అని ఆ అమ్మాయి పెడళ్లు బయట పెట్టి, టిచ్ బటన్లు టకటకా విప్పింది. అరలు పోయి ఒకే గది అయింది. మల్టీ పెట్టె పెట్టి చూస్తే అదీ సరిగ్గా కూర్చుంది.

"చివరిదాకా తేల్చలేదన్నమాట మహానుభావుడు" అన్నాడు సేల్స్‌మన్.

"తేలనిది ఆయనకు కాదండీ" అంది అమ్మాయి మెల్లగా. "నాన్నకు కొనే ఉద్దేశం లేదు. ఇక్కడికొచ్చి వాయించుకోవడమే ఇష్టం. తేలనిది మీకేనట. అడిగి అడిగి విసుగొచ్చి, ఎలాగైనా పనికొస్తుందని ఇలా కుట్టానన్నారు."

ఆమె వెళ్లిపోయింది. బండివాడు లోపలికి తొంగిచూశాడు. "ఆ నాలుగూనా అన్నా?"

సేల్స్‌మన్ మూడు అందించాడు. ప్రతిధ్వని పెడల్ చేతిలోనే ఉంచుకుని యజమాని వైపు తిరిగాడు.

"ఇదొకటి నాకు కావాలి సార్."

యజమాని మొదటిసారి కుర్చీలోంచి లేచి, అతని ముఖం చూసి, సరేనన్నట్టు చెయ్యూపాడు.

షట్టరు దించే వేళకు సంచి బల్ల మీద ఉంది. అడ్డగోడలన్నీ మళ్లీ బిగించి ఉన్నాయి. ఒక అర నిండుగా ఉంది, మూడు ఖాళీ. వాటి అడుగున, దులపడం మరిచిపోయిన మాస్టారి సుద్దగీత తెల్లగా, తిన్నగా, ఈ అంచునుంచి ఆ అంచుదాకా ఉంది.