తీగకి కట్టిన ఎర్ర బ్యాండు

"మా బాస్‌కి ప్రమోషన్ వచ్చిందట, కాస్త పొగిడి పెట్టు! మరీ కాళ్ళ మీద పడ్డట్టు ఉండకూడదు, అలాగని పొడిపొడిగానూ ఉండకూడదు!"

బాత్రూంలోంచి భర్త వేసిన కేక అది. ఆమె ఒక చేత్తో పొయ్యి మీద పాలు కలుపుతూ, రెండో చేతి బొటనవేలితో ఫోన్‌లో టైపు చేస్తోంది. బాస్‌ని అప్పటికే పొగిడేసింది. భర్త ఒంటికి సబ్బు రాసుకునేలోపే బాస్ దగ్గర్నుంచి జవాబు కూడా వచ్చింది. 'మీ మాటలు ఎప్పుడూ మనసుని తాకుతాయి.'

ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళూ, ఉద్యోగాలు వెతుక్కునేవాళ్ళూ ఒకళ్ళనొకళ్ళు పరిచయం చేసుకునే సైటు అది. అందులో భర్తకి వేలమంది పరిచయస్తులు. వాళ్ళలో ఎవరికి కొత్త కుర్చీ దొరికినా, ఎవరి ఇంట్లో చావు జరిగినా, భర్త పేరుతో పలకరించేది ఆమె. ఎవరిని సార్ అనాలో, ఎవరితో జోకు వెయ్యాలో, ఎవరిని మధ్యమధ్యలో కదపకపోతే మర్చిపోతారో అన్నీ ఆమెకి కంఠతా. భర్తకి వాళ్ళ మొహాలు కూడా తెలియవు. ఓ పెళ్ళి విందులో ఒకాయన వచ్చి భర్తని కావలించుకుని, "మా అమ్మ పోయినప్పుడు మీరు రాసిన మాటలు ప్రింటు తీసి దాచుకున్నానండీ" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. భర్త ఆయన వీపు తట్టి, "అయ్యో, అదెంత పనండీ!" అన్నాడు. నిజమే, ఆయనకి అదెంత పని? ఆ పక్కనే నిలబడి పాప మూతి తుడుస్తున్న మనిషిది కదా ఆ పని.

ఇదంతా మొదలైంది ఒక్క మాటతో. "నువ్వెలాగూ ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా, నా ప్రొఫైల్ కాస్త చూసుకోరాదూ?"

ఖాళీ! పాపని బడికి పంపి, అత్తగారికి మందులిచ్చి, నలుగురి బట్టలూ ఉతికి ఆరేసి, మడతపెట్టి, వంట చేసి, అంట్లు తోమే మనిషి ఖాళీ. ఆఫీసులో కుర్చీ తిప్పుకుంటూ, ఆ ప్రొఫైల్ చూసుకోవడానికి మాత్రం తీరిక దొరకని మనిషి బిజీ.

ఒకప్పుడు ఆమె కూడా బిజీగానే ఉండేది. భర్త సేల్స్‌లో ఉన్న లిఫ్టుల కంపెనీలోనే ఆమె సేఫ్టీ ఇంజనీరు. ఆయన అమ్మిన లిఫ్టుల పైకెక్కి, కింది గోతుల్లోకి దిగి, తాళ్ళూ బ్రేకులూ తలుపులూ పరీక్షించేది. పాప పుట్టినప్పుడు, "రెండేళ్ళు ఆగితే ఏం పోతుంది?" అన్నాడు భర్త. ఇప్పుడు పాప లెక్కలు చేస్తోంది. ఆ రెండేళ్ళు మాత్రం ఇంకా పూర్తికాలేదు.

మధ్యలో ఓసారి అదే సైటులో ఆమె తన పేరుతో ప్రొఫైల్ పెట్టుకుంది. ఫొటో పెట్టింది, చేసిన పనులు రాసింది. పాత సహోద్యోగులు ఇద్దరు పలకరించారు కూడా. భర్త ఆ ఫోన్ అందుకుని ఒక్కొక్క మెసేజే చదివాడు.

"ఎవరు వీళ్ళంతా? పరాయి మగాళ్ళతో నీకు కబుర్లేంటి?"

"కబుర్లు కాదండీ. ఉద్యోగం ఉందేమోనని..."

అత్తగారు టీవీ మీంచి కళ్ళు తిప్పకుండానే అందుకుంది. "ఇంటి కోడలు ఫొటో పెట్టుకుని ఊరందర్నీ ఉద్యోగం అడగడమేంటే అమ్మాయ్? వినడానికే బాగాలేదు."

ఆ సాయంత్రమే ప్రొఫైల్ తీసేయించాడు. ఆ తర్వాతి వారం తన పాస్‌వర్డు ఆమె చేతికిచ్చాడు. అప్పట్నుంచి అదే సైటులో, అదే పరాయి మగాళ్ళతో పొద్దస్తమానం మాట్లాడుతూనే ఉంది. భర్త పేరుతో మాట్లాడితే నెట్‌వర్కింగు, తన పేరుతో మాట్లాడితే కబుర్లు.

పొగడ్తలూ పరామర్శలతోనే భర్తకి తృప్తి కలగలేదు. "ఏమైనా అనుభవాలు రాయి. జనం చదవాలి. నన్ను నిపుణుడనుకోవాలి" అన్నాడు. ఎవరి అనుభవాలని ఆమె అడగలేదు. రాయడం మొదలుపెట్టింది. నూనె కారుతున్న బ్రేకు గురించి, తాడులో తెగిన పోగుల్ని వేళ్ళతో వెతికి పట్టుకోవడం గురించి, 'ఒక్క అమ్మాయి మాట మీద లిఫ్టు ఆపేస్తామా?' అని అరిచిన బిల్డింగు యజమాని గురించి. ఆ 'అమ్మాయి'ని మాత్రం 'కుర్రాడు' చేసింది. జనం విరగబడి చదివారు. వేదికల మీదకి పిలుపులొచ్చాయి. భర్త ఆమె రాసిచ్చిన కాగితాలు పట్టుకెళ్ళి, కామాతో సహా చదివి, దండలు వేయించుకుని వచ్చేవాడు.

ఆ ఎర్ర బ్యాండు పోస్టు పెట్టిన రోజున పాపకి జ్వరం. ఒళ్ళో పాప, చేతిలో ఫోను. రాసి, మళ్ళీ చదువుకోకుండానే పెట్టేసింది. భర్త సరేసరి, ఏనాడూ ముందుగా చదివిన పాపాన పోలేదు.

'లిఫ్టు తలుపు బాగుచేసేటప్పుడు తాళాన్ని తప్పించడానికి మెకానిక్ ఒక చిన్న తీగ కలుపుతాడు. అప్పుడు తలుపు తెరిచున్నా లిఫ్టు కదులుతుంది. పనయ్యాక ఆ తీగ తియ్యడం మర్చిపోతే, లోపలికి కాలుపెట్టిన మనిషి కాలు గాల్లోకే. తీగ చిన్నది, కంటికి ఆనదు. అందుకే నేను నా జడకున్న ఎర్ర బ్యాండు ఊడదీసి ఆ తీగకి కట్టేదాన్ని. సాయంత్రం జుట్టు విరబోసుకుని ఇంటికి బయల్దేరానంటే, ఎక్కడో తీగ మిగిలిపోయిందని గుర్తు. వెనక్కి పరిగెత్తేదాన్ని.'

దాని పక్కనే భర్త ఫొటో. కొబ్బరినూనె రాసినట్టు మెరిసిపోతున్న నున్నటి బట్టతల.

మధ్యాహ్నానికల్లా కామెంట్లు చెలరేగిపోయాయి. 'సార్, జడ ఎప్పుడు తీయించారు?' 'సార్, ఏ నూనె వాడేవారు?' సాయంత్రం భర్త గుమ్మంలోనే చెప్పులు విసిరేశాడు.

"నా పరువు గంగలో కలిపావు! ఆఫీసులో ప్యూను కూడా నా నెత్తి చూసి నవ్వుతున్నాడు! రాసేటప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకోవద్దా?"

"ఒళ్ళో పాప ఉందండీ. నూటరెండు జ్వరం."

"సాకులు చెప్పకు. బ్యాండు మా ఆవిడదని ఇప్పుడే సర్దు. నవ్వించడానికే అలా రాశానను."

ఆయన సారీ చెప్పమనలేదు, అబద్ధం చెప్పమన్నాడు. ఆమె సర్దడానికే ఫోన్ తీసింది. అప్పుడే ఆ మెసేజ్ కనిపించింది. లిఫ్టుల తనిఖీలు చేసే పెద్ద సంస్థ డైరెక్టర్ రాసింది. ఆమె కూడా ఆడదే.

'ఎప్పుడో మీ కంపెనీ నుంచి వచ్చినవాళ్ళ దగ్గర నేర్చుకుని, మా మెకానిక్‌లు ఇప్పటికీ ఆ తీగకి ఎర్ర గుడ్డపీలిక కడతారు. దాన్ని జడ అంటారు. ఎందుకలా అంటారో ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేకపోయారు. మీ పోస్టుతో తెలిసింది. మా శిక్షణ విభాగాన్ని నడిపే మనిషి కోసం చూస్తున్నాం. ఆదివారం వీడియోలో మాట్లాడదామా?'

ఆమె ఆ మెసేజ్ మళ్ళీ మొదట్నుంచి చదివింది. తను ఎప్పుడూ చూడని మెకానిక్‌లు ఎవరో, తన జడ పేరు పలుకుతూ, ప్రాణాలు కాపాడుకుంటూ తిరుగుతున్నారు. ఎన్ని తీగలు, ఎన్ని తలుపులు! తను ఇక్కడ బాస్‌లని పొగుడుతోంది.

భర్త ఆమె భుజం మీంచి తొంగిచూశాడు. కోపం ఎటు పోయిందో మరి, గాల్లో తేలిపోయాడు. "శిక్షణ విభాగానికి హెడ్డా! అమ్మా, విన్నావా? వెతుక్కుంటూ వచ్చింది!"

"ఏమండీ, ఆవిడ అడిగేది ఆ బ్యాండు కట్టిన మనిషిని" అంది ఆమె నెమ్మదిగా.

"నీ పేరైతేనేం, నా పేరైతేనేం? ఇల్లొకటేగా!"

"అయితే నా పేరే చెబుదాం."

భర్త నవ్వేశాడు. "నువ్వు ఉద్యోగానికెళ్తే ఇల్లెవరు చూస్తారు? పిచ్చిమాటలు మాట్లాడకు. పక్కన కూర్చుని నాకు అందించు, చాలు."

ఆదివారం ఉదయం. భర్త ఇస్త్రీ చొక్కాలో లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. కెమెరాకి అందకుండా, ఎదురుగా పీట మీద ఆమె. పాప బొమ్మలు గీసుకునే తెల్లబోర్డు ఒళ్ళో, స్కెచ్ పెన్ను చేతిలో. పొయ్యి మీద పాలు, వంటింటి గుమ్మం దగ్గర అత్తగారు కాపలా.

మొదటి ప్రశ్నలు సులువుగా గడిచిపోయాయి. డైరెక్టర్ అడగడం, ఆమె రాయడం, భర్త చదవడం. ఆలోచిస్తున్నట్టు గడ్డం నిమురుకోవడం ఒక్కటే ఆయన సొంతం. అర్థం చేసుకుని చదివేవాడు కాదు. కళ్ళకి ఏది పడితే అది నోటికి వచ్చేది. ఇన్నేళ్ళ అలవాటు.

"ఇంతకీ ఆ బ్యాండు ఎవరిదండీ?" అంది డైరెక్టర్ నవ్వుతూ.

ఇది ముందే అనుకున్నది. "మా ఆవిడదండీ. ఇంట్లోంచి పట్టుకెళ్ళేవాణ్ణి."

"మరి జుట్టు విరబోసుకుని వెనక్కి పరిగెత్తింది ఎవరు?"

భర్త నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. కళ్ళు బోర్డు వైపు తిరిగాయి. ఆ కళ్ళలో తొందర, చిరాకు, 'త్వరగా రాయి' అన్న గదమాయింపు. పెళ్ళినాటి నుంచీ ఆమె చూస్తున్న చూపే.

ఆమె బోర్డు శుభ్రంగా తుడిచింది. రాసింది. పెద్ద అక్షరాలతో రాసి, ఎత్తి పట్టుకుంది.

భర్త హమ్మయ్య అనుకుని చదివాడు, గొంతు సవరించుకుని, నిండుగా, వేదిక మీద చదివినట్టే. "అది నేను కాదు. నేను ఏనాడూ లిఫ్టు గోతిలోకి దిగలేదు. ఆ పోస్టుల్లో ఒక్క ముక్క కూడా నాది కాదు. ఆ పని చేసిన ఇంజనీరు నా ఎదురుగానే కూర్చుని..."

అక్కడికి అర్థమైంది ఆయనకి. నోరు తెరుచుకునే ఉండిపోయింది, తలుపు మూసుకోని లిఫ్టులా.

లాప్‌టాప్‌లోంచి డైరెక్టర్ గొంతు, మెత్తగా. "ఆవిణ్ణి ఇటు రమ్మంటారా?"

"ఏంటిది?" అన్నాడు భర్త పళ్ళ మధ్య నుంచి. "పరువు..."

ఆమె లేచింది. జారిన జుట్టు వెనక్కి లాగి, మణికట్టుకున్న బ్యాండుతో బిగించి కట్టుకుంది. లాప్‌టాప్‌ని తనవైపు తిప్పుకుంది. తెరమీద తన మొహం చూసుకుని ఎన్నాళ్ళైందో. కింద ఇంకా భర్త పేరే ఉంది. ముందు దాన్ని తీసేసి తన పేరు కొట్టింది.

"నమస్తే మేడమ్. అడగండి."

వంటింట్లోంచి అత్తగారి కేక. "అమ్మాయ్! పాలు పొంగిపోతున్నాయే!"

ఆమె తెర మీంచి కళ్ళు తిప్పలేదు.

"మీ అబ్బాయి ఖాళీగానే ఉన్నాడు అత్తయ్యా. ఆయనకి చెప్పండి."